‘లుక్ డౌన్ ఆన్’కు గంటస్తంభ వ్యాఖ్య

మూలం: దే లుక్ డౌన్ ఆన్ అవర్ యాస.

అవతారిక: విజయనగరం గంటస్తంభం దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు. ఆమదాలవలస కుర్రాడొకడు హైదరాబాదు ఇంటర్వ్యూలో నోరుజారి ‘ఏటి’ అని, నలుగురినీ నవ్వించి తిరిగొచ్చాడు. సొంతవాక్యం రాయమన్న మాస్టారికి ఇది రాసి చూపించాడు.

ప్రతిపదార్థం: దే = వారు (ఎవరని కవి చెప్పలేదు; సినిమాల్లో పనిమనిషికీ హాస్యగాడికీ మన యాస అంటగట్టేవారని కొందరు); లుక్ = చూచుచున్నారు; డౌన్ = కిందికి; ఆన్ = మీద; అవర్ = మా యొక్క; యాస = యాసయే (ఆర్షప్రయోగం, దిద్దరాదు).

టీక: ‘డౌన్’ ఉపసర్గ వంటిది. సంస్కృతంలో ధాతువుకు ముందు నడుస్తుంది, ఇంగ్లీషులో వెనక నడుస్తుంది. మన ‘అవ’కూ కిందికనే అర్థం: అవతరణం, అవరోహణం. అదే మానానికి తగిలితే అవమానం.

శంక: ‘ఆన్’ తీసేస్తే నష్టమేమి?

సమాధానం: అర్థమే తిరగబడుతుంది. ‘లుక్ డౌన్’ అంటే తల వంచుకోవడం, వెనకటి పెళ్లిచూపుల్లో పిల్ల చేసే పని. ‘ఆన్’ చేరిందా, ఆ చూపు ఇంకొకరి నెత్తిన పడుతుంది. కర్మణిలో మరీ విడ్డూరం: ‘అవర్ యాస ఈజ్ లుక్డ్ డౌన్ ఆన్’. చూసినవాడు వాక్యంలోంచి జారుకున్నాడు; ‘ఆన్’ మాత్రం చివర వేలాడుతోంది. బరువు పెట్టినవాడు పోయాడు, బరువు పోలేదు.

పాఠాంతరం: ‘అపాన్’. అర్థం అదే, దర్జా ఎక్కువ.

విశేషం: ఈ చూపు కొత్తది కాదు. పండితులు దీన్ని ‘గ్రామ్యం’ అన్న ఒక్క మాటలో ఇమిడ్చారు. గ్రామ్యమన్న ఆ మాటలతోనే గురజాడ కన్యాశుల్కం 1892లో ఈ ఊళ్లోనే రంగమెక్కింది. శ్రీకాకుళం సీమలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు ఇంకో మెట్టు దిగారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ కొండమీది సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కట్టారు. ‘లుక్ అప్’ అంటే నిఘంటువులో వెతకడం కదా! జనం ‘లుక్ డౌన్ ఆన్’ చేసిన మాటలను ఆయన ‘లుక్ అప్’ చేసుకునేట్టు చేశారు. ఉపసర్గ మార్చడమంటే అదీ. ఆయన పుట్టిన ఆగస్టు 29 ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. ఆనాటి సభల్లో ‘ఏటి’ అని చూడండి, ముందు వరసే నవ్వుతుంది.

తాత్పర్యం: ఇంగ్లీషువాడికి కిందికి చూడాలంటే ముందు ఎత్తు కావాలి. తెలుగువాడు ‘చిన్నచూపు’ అని ఊరుకున్నాడు. ఇందులో మెట్టూ లేదు, మేడా లేదు. చిన్నది చూపు, చూడబడినవాడు కాదు.

ఉపసంహారం: మాస్టారు వాక్యానికి టిక్కు పెట్టారు. పెట్టి, ‘యాస’ కింద ఎర్రగీత గీసి, “ఇది తీసేసి మంచి మాట రాయి” అన్నారు.

కుర్రాడు తలెత్తాడు.

“మాస్టారూ, మీదీ అదే సూపేటి?”