కాచి చల్లార్చిన జ్ఞానం

మన దేశంలో ఏ ఆరోగ్య కేంద్రం గోడ మీదైనా తప్పకుండా కనిపించే మాట ఒకటుంది: నీళ్లు కాచి చల్లార్చి తాగండి. మంచి మాటే. కలరా హడలిపోయే మాట, టైఫాయిడ్ తోక ముడిచే మాట. తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో మాత్రం ఈ మాటకి జడవని మొండివాడొకడు ఉన్నాడు. పేరు ఫ్లోరైడు. చావడానికి వాడు పురుగు కాదు, నేల అడుగున రాళ్లలోంచి కరిగి బోరునీళ్లలోకి చేరిన సరుకు. కాస్తే నీళ్లు ఆవిరైపోతాయి, వాడు గిన్నెలోనే కూర్చుంటాడు. లీటరున్నర నీళ్లు లీటరయ్యేదాకా భక్తిగా మరిగించిన ఇల్లాలికి, సర్కారు మాట విన్న పుణ్యానికి, ఫ్లోరైడు చిక్కబడి దక్కుతుంది. చెప్పినట్టు విన్నవాళ్లకి ఇంత మంచి బహుమతి ఇచ్చే సలహా ఇంకొకటి నేను చూడలేదు.

ఇంట్లో తెలుగు, సంతలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఆ జిల్లాలో ఉన్నాయి. పెన్నాగరం వైపు ఒక ఊళ్లో అలాంటి ఇంటి అరుగు మీద కూర్చున్న అవ్వని అడిగాను, ఫ్లోరైడు గురించి ఎవరైనా చెప్పారా అని.

“చెప్పకేం నాయనా, టీవీలో రోజూ చెప్తారు గదా. పండ్లకు మంచిదంట. పట్నంలో పేస్టులో ఏసి అమ్ముతారంట. మాకు నీళ్లలోనే ఊరికే వస్తాది.”

పక్కనున్న మనవడు నవ్వాడు. ముందరి పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. పళ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో తాగిన నీళ్లు పెట్టిన సంతకం అది, తోమితే పోదు. అవ్వ మోకాళ్లు రెండు చేతులా పట్టుకుని లేచి, “వయసు నాయనా” అంది. వయసే కావచ్చు.

టీవీ అబద్ధం చెప్పలేదు. కొద్దిపాటి ఫ్లోరైడు పంటికి మంచిదే. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, వీలైతే 1 దగ్గరే ఆగమని మన ప్రమాణాల సంస్థ అంటుంది. ఈ రెండు ముక్కలూ తెలియనివాడు జెనీవాలో లేడు, ఢిల్లీలో లేడు. తెలియనిది బోరు పంపు కొట్టే మనిషికే.

తెలియడానికి టైము చాల్లేదనుకోవడానికీ లేదు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వెయ్యలేకపోవడం మొదట చూసింది రైతులేనంటారు. ఆ తర్వాత డాక్టర్లు చూశారు. 1937లో షార్ట్ దొర, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలో ఫ్లోరైడు తెచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, ఉందని ఇంగ్లీషులో వ్యాసాలు అచ్చేశారు. అప్పటికి దర్శీ ఆ రాజధానిలోనే ఉంది, సేలం జిల్లాలో భాగమైన ధర్మపురీ ఆ రాజధానిలోనే ఉంది. ఎద్దు దగ్గర పుట్టిన సమాచారం రైతు నోటి మీదుగా డాక్టరు చెవిన పడి, పత్రికకెక్కి, సముద్రాలు దాటి, ప్రపంచంలోని మంచి మంచి లైబ్రరీలన్నిటికీ చేరింది. తిరుగు టిక్కెట్టు ఎవరూ కొనలేదు.

పైగా ఈలోగా ఊరూరా బోర్లు దించారు. చెరువు నీళ్లలో క్రిములుంటాయని, లోతు నీళ్లయితే శుభ్రమని. క్రిముల లెక్కన నిజమే. రాయి లెక్క ఎవరూ వెయ్యలేదు.

మన నల్లగొండ కథ ఇంకా రుచిగా ఉంటుంది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడుని అడుక్కి దింపే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ తయారుచేసి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఆ పేరుతోనే అది ఇథియోపియా, కెన్యా, టాంజానియాలు తిరిగొచ్చింది. ఆఫ్రికా రిఫ్టు లోయలో ఫ్లోరైడు మీద పనిచేసేవాళ్లకి నల్లగొండ అంటే ఒక విరుగుడు. నల్లగొండ జిల్లా మర్రిగూడ వాళ్లకి నల్లగొండ అంటే వంకర తిరిగిన కాళ్లు, కృష్ణ నీళ్ల కోసం ఏళ్ల తరబడి ధర్నాలు. వర్ధమాన దేశాలు జ్ఞానాన్ని పంచుకోవడం లేదని ఎవరన్నారు? పంచాం కదా, మనకి మిగుల్చుకోకుండా.

మళ్లీ ధర్మపురికొద్దాం. అక్కడి గొంతు తడిపింది చివరికి కావేరి. ఆ నీళ్లు తెచ్చిన పథకానికి పూర్తి పేరు హొగెనక్కల్ తాగునీటి సరఫరా, ఫ్లోరోసిస్ నివారణ పథకం. డబ్బు జపాన్ అప్పు. 2008లో కరుణానిధి శంకుస్థాపన చేశారు, 2013లో జయలలిత ప్రారంభించారు. మధ్యలో కర్ణాటక అభ్యంతరం, చెన్నైలో సినిమా తారల నిరాహార దీక్ష, రజనీకాంత్ ప్రసంగం, ఆయన మాటల మీద బెంగళూరులో గొడవ. వారాల పాటు దక్షిణాది పేపర్లనిండా హొగెనక్కలే. ఆ నీళ్లు ఎవరివన్న సంగతి పసిపిల్లలకి కూడా తెలిసిపోయింది. ఎందుకన్న సంగతి పథకం పేరు రెండో సగంలోనే ఉండిపోయింది, ఆ సగం హెడ్డింగులో పట్టలేదు.

సమాచారం చేసిన ఇంకో ప్రయాణం చూడండి. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు ఒకప్పుడు పిల్లలకి కొన్నాళ్లు అన్నంతో చింతపండు పెట్టి చూస్తే మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోయిందట. చిన్న పరిశోధనే, దాన్ని మందనుకోకూడదు. 2002లో యూరప్ పత్రికలో అచ్చయింది. ధర్మపురి చింతపండు పండే జిల్లా. అవ్వ ఇంట్లో చారు కాగని రోజు లేదు. పుల్లటి చారులో ఏదో ఉందని చెప్పడానికి హైదరాబాదు నుంచి యూరప్ దాకా వెళ్లినవాళ్లు, ధర్మపురి బస్సెక్కి ఉంటే టిక్కెట్టు ఖర్చు బాగా కలిసొచ్చేది.

సమాచారం ఊళ్లోకి దిగడం అసాధ్యమేం కాదు, అదే జిల్లాలో ఋజువుంది. 1993లో రెజి, లలిత అనే డాక్టరు దంపతులు సిత్తిలింగి లోయకెళ్లి పూరిపాకలో ఆస్పత్రి పెట్టారు. అప్పట్లో అక్కడ పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 147 మంది ఏడాది నిండకుండానే పోయేవాళ్లు. డాక్టర్లు ఏం చేశారంటే, పెద్దగా చదువుకోని గిరిజన స్త్రీలకే పురుడు పొయ్యడం, బిడ్డని తూచడం, ప్రమాదం పసిగట్టడం నేర్పారు. మరణాలు 20 దగ్గరికి దిగాయి. వచ్చిన చిక్కల్లా ఇందులో సదస్సు లేదు, బ్యాగు లేదు, మెడలో వేలాడే కార్డు లేదు. అందుకే ఎవరికీ పెద్దగా నచ్చలేదు.

ఫ్లోరైడు విషయంలో నిధులడక్కుండా పనిచేసిన ప్రచారకుడు నాకు తెలిసి ఒక్కడే, పెళ్లిళ్ల పేరయ్య. నల్లగొండ ఫ్లోరైడు ఊళ్లకి పిల్లనివ్వడానికి జంకారంటే, ఆ ఊళ్ల పిల్లల్ని చేసుకోవడానికి వెనకాడారంటే, సమాచారం గడప గడపకీ చేరినట్టే కదా. అమెరికా దంతవైద్యుడు డీన్ పళ్ల మచ్చలకి అనుమానం, అతిస్వల్పం, స్వల్పం అంటూ తరగతులు కట్టాడు. పేరయ్యకి రెండే తరగతులు: నవ్విన ఫొటో, మూతి బిగించిన ఫొటో. ల్యాబు లేకుండా జిల్లా మ్యాపు మొత్తం ఆయన బుర్రలో ఉంటుంది. ఏ ఊరు బోరు, ఏ ఊరు నది, ఏ ఊళ్లో ట్యాంకు కట్టి వాల్వు మరిచారు, అన్నీ.

ఫ్లోరైడు మీద ఈసారి జరిగే అంతర్జాతీయ సదస్సుకి ఆయన్ని పిలవాలని నా మనవి. దారి ఖర్చులు తక్కువే, ఎర్రబస్సులో వచ్చేస్తాడు. కాకపోతే పవర్‌పాయింటు మొదలవకముందే ప్రతినిధులందర్నీ వరసగా నిలబెట్టి, ఒక్కొక్కర్నీ ఓసారి నవ్వమంటాడు.