ఆర్ఎక్స్‌జావా డిస్పోజ్ పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
తెరను మూసినంత తీరునా బంధమ్ము
చిట్టలోన పేరు చెరపకున్న
పిలుపు వచ్చినపుడు ప్రేతమ్ము పలుకురా
ముందు విప్పి పొమ్ము ముడిని శిష్య

ప్రతిపదార్థం: శిష్య = చైతన్యపురి హాస్టల్లో తిని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరులో ఆండ్రాయిడ్ నేర్చుకొను ఓయీ; తెరను = యాక్టివిటీ అనబడు స్క్రీనును; మూసినంత = మూసినంతమాత్రాన; బంధమ్ము = సబ్‌స్క్రిప్షను; తీరునా = తీరదని భావము; చిట్టలోన = టైమర్ తన వద్ద ఉంచుకొను పట్టీలో; పేరు చెరపకున్న = డిస్పోజ్ పిలవకున్నచో; పిలుపు = ఆన్‌నెక్స్ట్; ప్రేతమ్ము = ఆన్‌డిస్ట్రాయ్ దాటిన ఆబ్జెక్టు; పలుకు = లాగ్‌క్యాట్‌లో వాగును; ముందు = ఆన్‌డిస్ట్రాయ్ ముగియక మునుపే; ముడిని = సబ్‌స్క్రైబ్ చేతికిచ్చిన డిస్పోజబుల్‌ను; విప్పి పొమ్ము = స్పష్టము.

తాత్పర్యం: ఎల్బీ నగర్ నుంచి మియాపూర్ వెళ్లే మెట్రో స్టేషన్లను సెకనుకొకటి చూపించే యాప్ రాశావు. సెకనుకోసారి ఆన్‌నెక్స్ట్ పిలిచే ఇంటర్వల్‌కు సబ్‌స్క్రైబ్ అయ్యావు. ఫోను అడ్డం తిప్పావు. ఆండ్రాయిడ్ పాత యాక్టివిటీని చంపి కొత్తదాన్ని పుట్టించింది. కొత్తది విక్టోరియా మెమోరియల్ దగ్గర ఉండగానే, చచ్చిన పాతది మలక్‌పేట దాటిపోతోంది! ఇంకోసారి తిప్పి చూడు, మూడో గొంతు కలుస్తుంది. దీనికి గార్బేజ్ కలెక్టర్‌ను తిట్టి లాభం లేదు. టైమర్ త్రెడ్ పట్టుకున్నంతకాలం అది ఆ ఆబ్జెక్టును ముట్టుకోదు. గది ఖాళీ చేసినా హాస్టల్ రిజిస్టరులో నీ పేరుంటే ఆ మంచం ఇంకొకడికి ఇస్తారా?

విశేషాలు: విప్పే కొసను ముడి వేసినప్పుడే చేతికివ్వడం ఈ శాస్త్రంలో నాకు నచ్చిన మర్యాద. మైక్రోసాఫ్ట్‌లో ఎరిక్ మైయర్ బృందం 2009లో బయటపెట్టిన ఆర్ఎక్స్‌లోనే సబ్‌స్క్రైబ్ ఐడిస్పోజబుల్‌ను తిరిగిచ్చేది. 2013లో నెట్‌ఫ్లిక్స్ ఆర్ఎక్స్‌జావాను లోకానికి ఇచ్చింది. అయినా మనవాళ్లు ఆ కొసను ఏ వేరియబుల్‌లోనూ దాచుకోరు.

పూర్వపక్షం: ఇక పిలుపులు లేవని చెప్పే ఆన్‌కంప్లీట్ వస్తే బంధం దానంతటదే తెగదా?

సమాధానం: తెగుతుంది. ఇంటర్వల్‌కు ఆన్‌కంప్లీట్ ఎప్పుడొస్తుందో నువ్వే చెప్పు.

కొన్ని ప్రతుల్లో డిస్పోజ్‌కు బదులు క్లియర్ అనే పాఠం కనిపిస్తుంది. రెండూ ఒకటేనన్న వ్యాఖ్యాత రెండూ వాడి ఉండడు. డిస్పోజబుల్‌లను మూటగట్టే కాంపోజిట్ డిస్పోజబుల్ మీద క్లియర్ పిలిస్తే ఉన్నవి తెగుతాయి, కొత్తవి కలుపుకోవచ్చు. డిస్పోజ్ పిలిస్తే మాత్రం ఆపైన ఏది కలిపినా కలిపిన క్షణమే తెగుతుంది. ఆన్‌స్టార్ట్‌లో సబ్‌స్క్రైబ్ అయి ఆన్‌స్టాప్‌లో డిస్పోజ్ రాసినవాడు, వాట్సాప్ చూసి వెనక్కొచ్చేసరికి స్టేషన్లు కదలవు. ఎర్రర్ కూడా రాదు. యాడ్ మెథడ్ ఫాల్స్ అని చెప్పే ఉంటుంది. దాన్ని చదివే ఆచారం మన సంప్రదాయంలో లేదు.