నేను రెండో బేస్‌ని

పిట్స్‌బర్గ్‌లో ఓక్‌లాండ్ అనే పేట ఉంది. అక్కడ ఫోర్బ్స్ ఫీల్డ్ అని ఒక బేస్‌బాల్ మైదానం ఉండేది. 1909లో తెరిచారు. ఆ మైదానంలో రెండో బేస్‌ని నేను. పదిహేను అంగుళాల చదరపు తెల్ల కాన్వాస్ సంచిని. గుడ్డ చిరిగితే సంచి మార్చేవాళ్లు, చోటు మాత్రం నాదే. అందుకే ఆ సంచులన్నింటి తరఫునా మాట్లాడుతున్నాను.

క్రికెట్ చూసేవాళ్లకి నా పని నాలుగు మాటల్లో చెబుతాను. బేస్‌బాల్‌లో బంతి కొట్టినవాడు మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్ తొక్కుకుంటూ చుట్టి వచ్చి, తను కొట్టిన చోటే మళ్లీ అడుగుపెడితే ఒక పరుగు. బేస్‌కీ బేస్‌కీ మధ్య తొంభై అడుగులు. కొట్టే చోటికి సరిగ్గా ఎదురుగా, 127 అడుగుల దూరాన ఉండేదాన్ని నేను. మొదటి బేస్ మీదున్నవాడు వెనక వచ్చే బ్యాటర్‌కి చోటిచ్చి నా వైపు పరుగెత్తక తప్పనప్పుడు, అతని కంటే ముందు బంతి నా దగ్గరికి చేరి, అది అందుకున్నవాడి కాలు నా మీద ఉంటే చాలు, ఔట్. వెంటనే అదే బంతిని మొదటి బేస్‌కి విసిరి, అక్కడికి పరుగెత్తుతున్న బ్యాటర్‌ని కూడా ఔట్ చేస్తే అది డబుల్ ప్లే. ఒకే బంతికి ఇద్దరు. ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకి మూడు ఔట్లే కాబట్టి రెండు ఒకేసారి పోవడమంటే ఎంత దెబ్బో ఊహించుకోండి.

ఆ పనిలో బిల్ మాజెరోస్కీని మించినవాణ్ణి నేను చూడలేదు. జనం అతన్ని 'మాజ్' అనేవాళ్లు. పదిహేడు సీజన్లు ఆడాడు, అన్నీ పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టుకే.

1936లో పుట్టాడు. తండ్రి బొగ్గు గని కార్మికుడు. ఆయనకీ బేస్‌బాల్ ఆటగాడు కావాలని ఉండేది, గనిలో జరిగిన ప్రమాదంలో పాదం దెబ్బతిని ఆ ఆశ పోయింది. తను ఆడలేని ఆటని కొడుక్కి నేర్పాడు. 1954లో, పదిహేడేళ్ల వయసులో, మాజ్ పైరేట్స్‌కి సంతకం చేశాడు. అప్పుడతను షార్ట్‌స్టాప్, అంటే నాకూ మూడో బేస్‌కీ మధ్య నిలబడేవాడు. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ని పెద్ద లీగ్‌లోకి తెచ్చిన బ్రాంచ్ రిక్కీయే అప్పట్లో పైరేట్స్ వ్యవహారాలు చూసేవాడు. ఈ కుర్రాణ్ణి చూసి, నువ్వు ఉండాల్సింది రెండో బేస్ దగ్గర అన్నాడు. 1956 జులైలో మాజ్ పైరేట్స్‌లోకి వచ్చాడు. ఇంకా ఇరవై నిండలేదు. మరుసటి ఏడాది మేనేజర్‌గా వచ్చిన డానీ మర్టా కూడా ఒకప్పుడు ఇదే జట్టులో రెండో బేస్ ఆడినవాడే. ఆ చోటి కష్టం తెలిసిన మనిషి పైన ఉండటం కుర్రాడికి మంచిదయింది.

ఇప్పుడు ఆ కష్టం ఏమిటో చెప్పాలి, నేను దగ్గర నుంచి చూసినదే కాబట్టి.

బంతి నేల మీద గెంతుతూ షార్ట్‌స్టాప్ వైపు పోతుంది. మాజ్ అప్పటికే నా వైపు పరుగు మొదలుపెట్టి ఉంటాడు. షార్ట్‌స్టాప్ విసిరిన బంతీ, మాజ్ కాలూ దాదాపు ఒకేసారి నా దగ్గరికి చేరతాయి. అప్పటికి అతని ముఖం షార్ట్‌స్టాప్ వైపు ఉంటుంది, విసరాల్సిన మొదటి బేస్ పక్కకి ఉంటుంది. ఆ పక్క నుంచే ప్రత్యర్థి పూర్తి వేగంతో వస్తుంటాడు. తను ఔటని వాడికి తెలుసు. వాడి పని ఇక నన్ను అందుకోవడం కాదు, మాజ్ కాళ్లు లాగేయడం. బూట్ల కింద ఇనుప స్పైకులు. జారుకుంటూ వచ్చి మోకాళ్ల కింద తగిలితే విసురు తప్పుతుంది, డబుల్ ప్లే చెడుతుంది. ఆ రోజుల్లో అది ఆటలో మామూలు విషయం, ఎవరూ తప్పనేవారు కాదు.

చాలామంది ఆ క్షణంలో పక్కకి గెంతేవాళ్లు, లేదా ఒక అడుగు వెనక్కి వేసి విసిరేవాళ్లు. మాజ్ నా మీదుగా తిన్నగా వచ్చేవాడు. కాలు నా మీద బిగించి నిలబడేవాడు. తగిలినవాళ్లే పక్కకి దొర్లేవాళ్లు. అందుకే తోటివాళ్లు అతన్ని 'చెట్టు మొద్దు' అనేవాళ్లు. ఇంకో పేరు కూడా ఉంది, 'నో టచ్' అని. అది చేతుల వల్ల వచ్చింది. అతని గ్లవ్ చిన్నది, వాడి వాడి మెత్తబడింది. బంతిని అందులో పట్టుకుని, మళ్లీ వెతుక్కుని, బయటికి తీసే పని పెట్టుకునేవాడు కాదు. కాలే పెనం మీద వేలు ఆనించి తీసినంత సేపు కూడా బంతి ఆ తోలు మీద ఉండేది కాదు. గ్లవ్‌కి తగిలి అటు నుంచి అటే కుడిచేతిలోకి మళ్లేది, చేతిలో నుంచి మొదటి బేస్‌కి పోయేది. అంత దగ్గరున్న నాకే ఒక్కోసారి అతను పట్టాడా, తోశాడా అని తెలిసేది కాదు.

జీవితకాలంలో 1,706 డబుల్ ప్లేలు. రెండో బేస్ ఆటగాళ్లలో అది రికార్డు. 1966లో ఒక్క సీజన్‌లోనే 161. ఆ ఏడు పక్కన షార్ట్‌స్టాప్‌గా జీన్ ఆలీ ఉండేవాడు. ఒకరి చేయి ఎక్కడికొస్తుందో ఇంకొకరికి చూడకుండా తెలిసేది. ఫీల్డింగ్‌కి ఇచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతులు ఎనిమిది వచ్చాయి. బ్యాటింగ్ సగటు .260, హోమ్ రన్‌లు, అంటే బంతి గోడ దాటే దెబ్బలు, 138. బ్యాట్ లెక్కల్లో అది సాధారణం, నిజమే. కానీ ఆపిన పరుగులకి స్కోరుబోర్డు మీద గడి ఉండదు.

ఇక 1960 అక్టోబర్ 13. బేస్‌బాల్ విజేతని తేల్చే వరల్డ్ సిరీస్‌లో ఏడో ఆట, అవతల న్యూయార్క్ యాంకీస్. ఆ సిరీస్‌లో యాంకీస్ గెలిచిన మూడు ఆటల స్కోర్లు 16–3, 10–0, 12–0. పైరేట్స్ గెలిచిన మూడూ తక్కువ తేడాతో గెలిచినవి. చివరికి పరుగులన్నీ కూడితే యాంకీస్‌కి 55, మావాళ్లకి 27. ఆ సిరీస్ ఉత్తమ ఆటగాడి బహుమతి కూడా ఓడిన జట్టు మనిషికే వెళ్లింది. అతని పేరు బాబీ రిచర్డ్‌సన్. అతనిదీ రెండో బేసే, ఆ సంగతి చెప్పుకోవడం నాకిష్టం.

ఎనిమిదో ఇన్నింగ్స్ మావాళ్ల వంతు వచ్చేసరికి యాంకీస్ 7–4తో ముందున్నారు. బిల్ వర్డన్ కొట్టిన బంతి నా పక్కనే గట్టి నేల మీద అనుకోకుండా ఎగిరి, యాంకీస్ షార్ట్‌స్టాప్ టోనీ క్యూబెక్ గొంతుకి తగిలింది. పాపం, అతను ఆట వదిలి ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. డబుల్ ప్లే కావలసిన బంతి అది. అక్కడి నుంచి పుంజుకున్న మావాళ్లు హాల్ స్మిత్ హోమ్ రన్‌తో 9–7కి వెళ్లారు.

చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్ మొదటి సగం. స్కోరు 9–8. యాంకీస్‌కి ఒక ఔట్ అయింది. మికీ మాంటిల్ మొదటి బేస్ మీద, ఇంకొకడు మూడో బేస్ మీద. యోగీ బెరా మొదటి బేస్ వైపు గట్టిగా కొట్టాడు. అక్కడున్న రాకీ నెల్సన్ బంతి అందుకుని ముందు తన బేస్ తొక్కి బెరాని ఔట్ చేశాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. మాంటిల్ నా దగ్గరికి రాలేదు, వెనక్కి దూకి నెల్సన్ చేతి కింద నుంచి మొదటి బేస్‌ని పట్టుకున్నాడు. ఈలోగా మూడో బేస్ మీదున్నవాడు పరుగు చేశాడు. 9–9. బంతి ముందు నా దగ్గరికి వచ్చి తిరిగి మొదటి బేస్‌కి వెళ్లి ఉంటే డబుల్ ప్లేతో ఆట అక్కడే ముగిసేది. అది అంత వేగంగా వచ్చిన బంతి, నెల్సన్‌ని అనడానికి ఏమీ లేదు. తర్వాత యాంకీస్ బ్యాటర్ స్కౌరన్ కొట్టిన బంతిని మా షార్ట్‌స్టాప్ డిక్ గ్రోట్ అందుకుని మాజ్‌కి ఇచ్చాడు. మాజ్ కాలు నా మీద. మాంటిల్ ఔట్. మూడో ఔట్ అలా నా దగ్గరే జరిగింది.

మాజ్ వెళ్లి గ్లవ్ పెట్టి బ్యాట్ తెచ్చుకున్నాడు. రాల్ఫ్ టెర్రీ వేసిన మొదటి బంతి ఎత్తుగా పోయింది. రెండోదాన్ని మాజ్ కొట్టాడు. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఉన్న బెరా వెనక్కి తిరిగి పరుగెత్తాడు, ఆగాడు, బంతి 406 అడుగుల గుర్తున్న వైపు ఐవీ తీగ గోడ దాటి చెట్లలోకి వెళ్లింది. మాజ్‌కి మాత్రం అది గోడకి తగులుతుందనే అనుమానం. తలవంచుకుని మొదటి బేస్ దాటాడు. అక్కడికీ నాకూ మధ్య అతనికి సంగతి తెలిసింది. టోపీ తీసి చేయి గిరగిరా తిప్పుతూ వచ్చాడు. ఇన్నేళ్లూ ఇతరుల్ని ఆపడానికి నన్ను తొక్కిన కాలు, ఎవరూ ఆపలేని పరుగులో నన్ను తొక్కి వెళ్లింది. మూడో బేస్ దాటేసరికి జనం మైదానంలోకి దిగేశారు. అప్పుడు మధ్యాహ్నం 3:36. 1925 తర్వాత పిట్స్‌బర్గ్‌కి అదే మొదటి వరల్డ్ సిరీస్ విజయం.

అప్పటి నుంచి మాజ్ అంటే ఆ ఒక్క దెబ్బే. సంతోషమే, నేనూ అందులో భాగమే. కానీ ఆ ఒక్క దెబ్బ కింద 1,706 డబుల్ ప్లేలు కప్పబడిపోవడం నాకు బాధ. హాల్ ఆఫ్ ఫేమ్‌కి అతన్ని 2001లో గానీ తీసుకోలేదు. ఆట మానేసి అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. ఆ వేదిక మీద, పట్టేవాళ్ల పనికీ కొట్టేవాళ్లతో, విసిరేవాళ్లతో సమానమైన గౌరవం దక్కాలని చెప్పి, గొంతు పూడుకుపోయి, రాసుకొచ్చిన ప్రసంగం చదవలేక దిగిపోయాడు. నేను చెప్పాలనుకున్నదంతా ఆ కాస్త మాటల్లోనే ఉంది. 2010లో కొత్త మైదానం పీఎన్‌సీ పార్క్ బయట విగ్రహం పెట్టారు. అందులోనూ అతను టోపీ ఊపుతూ బేస్‌లు చుట్టి వస్తున్న బ్యాటరే. చేతిలో గ్లవ్ లేదు.

ఫోర్బ్స్ ఫీల్డ్‌లో చివరి ఆట 1970 జూన్ 28న జరిగింది. అందులో చివరి ఔట్ చేసింది మాజే. రెండేళ్లకి అతనూ మానేశాడు. అతని పక్కన పదిహేడేళ్లు ఆడిన రొబెర్టో క్లెమెంటేకీ అదే చివరి సీజన్ అయింది. ఆ డిసెంబర్ 31న నికరాగ్వా భూకంప బాధితులకి సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో పోయాడు.

2015లో న్యూయార్క్ మెట్స్ షార్ట్‌స్టాప్ రూబెన్ టెహాదాకి రెండో బేస్ దగ్గర, నేను ముందు చెప్పిన తరహా జారుడులోనే కాలు విరిగింది. ఆ తర్వాతి ఏడాదే బేస్ వదిలి మనిషి మీదికి జారకూడదని నియమం తెచ్చారు. మంచి నియమం. మాజ్ మాత్రం తన 1,706 డబుల్ ప్లేలూ ఆ రక్షణ లేకుండానే చేశాడు.

మైదానం పోయింది, పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం భవనాలు వచ్చాయి. గోడలో కొంత భాగం మిగిలింది. ఏటా అక్టోబర్ 13న జనం ఆ గోడ దగ్గర చేరి, నాటి రేడియో వ్యాఖ్యానాన్ని మొదటి నుంచి వింటారు, సరిగ్గా 3:36కి హోమ్ రన్ వినిపించేలా. చప్పట్లు కొడతారు. వాళ్లని నేను కోరేది ఒకటే. దానికి కొద్ది నిమిషాల ముందు గ్రోట్ నుంచి మాజ్‌కి బంతి వెళ్లే ఘట్టం వస్తుంది, అక్కడ కూడా ఒకసారి చప్పట్లు కొట్టండి.