నేను నీట మునిగిన టైరును

నేనొక పాత కారు టైరును. అమెరికాలో, ఫ్లోరిడా తీరాన ఉన్న ఫోర్ట్ లాడర్‌డేల్ నగరానికి రెండు కిలోమీటర్ల అవతల, సుమారు 20 మీటర్ల లోతున సముద్రంలో పడి ఉన్నాను. ఈ చోటును ఆస్‌బోర్న్ రీఫ్ అంటారు. రోడ్డు మీద నేను బతికింది కొన్నేళ్లే. మిగతా జీవితమంతా ఈ నీళ్లలోనే గడిచింది.

1972లో మమ్మల్ని ఇక్కడ దించడం మొదలుపెట్టారు. దాదాపు 20 లక్షల టైర్లం చేరాం. దించినవాళ్ల ఉద్దేశం మంచిదే. మా మీద పగడాలు పెరుగుతాయి, మా సందుల్లో చేపలు కాపురం పెడతాయి, ఊళ్లలో గుట్టలు పడ్డ పాత టైర్ల బెడదా తీరుతుంది అనుకున్నారు. అధికారుల అనుమతి కూడా తీసుకున్నారు.

మమ్మల్ని నైలాన్ పట్టీలతో, ఉక్కు క్లిప్పులతో కట్టలు కట్టారు. ఉప్పునీటికి ఉక్కు తుప్పుపట్టింది, పట్టీలు తెగాయి. నీళ్లలో మా బరువెంత? తుఫాను వచ్చినప్పుడల్లా దొర్లాం. దొర్లే టైరు మీద పగడం నిలదొక్కుకోలేదు. పైగా పక్కనున్న సహజమైన పగడపు దిబ్బలను గుద్ది విరగ్గొట్టాం. చేపలకు కొత్త ఇళ్లవుదామని వచ్చి, ఉన్న ఇళ్లు కూల్చాం.

2007లో సైనిక గజ ఈతగాళ్లు దిగి మమ్మల్ని పైకి తీయడం మొదలుపెట్టారు. మూడేళ్లలో తీసింది 70 వేల పైచిలుకు. ఆ తర్వాత మరికొందరు దిగారు. అయినా లక్షల్లో ఇంకా ఇక్కడే ఉన్నాం. దించడం సులువు, తీయడమే కష్టం.

అనుమతి ఉన్నా ఈ అనర్థం ఎందుకు జరిగింది? ఈ కట్టు ఎన్నేళ్లు ఆగుతుంది, తెగితే తీసేదెవరు, ఆ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నలకు ముందే జవాబు లేకపోవడం వల్ల. 1984లో అమెరికా ఇలాంటి కృత్రిమ దిబ్బల కోసం చేసిన చట్టం ఆ జవాబులే అడుగుతుంది. దించే సామగ్రి ఎవరి సొత్తో తేలాలి. నిర్వహణ బాధ్యత ఎవరిదో తేలాలి. రేపు నష్టం జరిగితే భరించే స్తోమత వాళ్లకుండాలి. ఓడల రాకపోకలకు అడ్డు రాకూడదు. ఆ చట్టం నాకంటే 12 ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

జలాశయంలో చేపల కోసం చెట్టుకొమ్మలు కట్టి ముంచేవారికీ ఇలాంటి బాధ్యతే వర్తిస్తుంది. ఆ నీటి యజమాని అనుమతి లేకుండా ఏదీ వేయకూడదు. పడవలు దిగే రేవు దగ్గర, జనం ఈదే చోట అసలే వేయకూడదు. కదలకుండా బరువు కట్టాలి. నూనె, రంగు, ప్లాస్టిక్ అంటిన వస్తువు వాడకూడదు. ఆ నీళ్లు ప్రజలవైతే, వేసింది మీరే అయినా ఆ చోటు మీ ఒక్కరిదే కాదు.

భారత తీర రాష్ట్రాల్లో ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన అనే పథకం కింద కాంక్రీటు దిబ్బలు దించారు. కాంక్రీటు నాలా సులువుగా దొర్లదు కానీ, అదెక్కడుందో తెలియకపోతే మత్స్యకారుల వలలు దానికి చిక్కి చిరుగుతాయి. కాబట్టి స్థలం ఎంచేముందు వాళ్లనే అడగండి. దించాక ఆ చోటును అందరికీ తెలియజేయండి. తిరిగి తీసే బాధ్యత ఎవరిదో తేలనిదే చెరువులోనైనా, సముద్రంలోనైనా ఏదీ ముంచకండి.