పిన్నీసు బావ

మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కుంటారు. మా పెద్దబావ చెప్పులు విడిచి వైఫై డబ్బా తల నిమురుతాడు.

"కుతకుత ఉడుకుతున్నది పాపం. దీని మీద గుడ్డ ఎవరు కప్పిన్రురా?"

అమ్మ కప్పింది. టీవీకి, ఫ్రిజ్‌కి ఉండగా దానికి మాత్రం ఎందుకు లేదని ఆమె న్యాయం.

బావ ఉండేది తార్నాక. కొలువు యూనివర్సిటీ క్యాంపస్‌లో, బిల్లుల సీటు. నెట్‌వర్కుతో ఆ సీటుకు సంబంధం లేదు. ఉండుంటే ఇంత శ్రద్ధ ఉండేది కాదు. మా గోల్నాకకు రావడానికి ఆయనకు పండగ అక్కర్లేదు, డబ్బా మీద ఎర్రలైటు వెలిగిందని తెలిస్తే చాలు.

రాగానే 192.168.1.1 కొడతాడు. "ఇంకా అడ్మిన్, అడ్మినేనా? తాళం పెట్టి, చెవి దానికే వేలాడదీసినట్టున్నది మీ యవ్వారం." నిజమే కాబట్టి నోరెత్తను.

మాది తాతలనాటి ఇల్లు, రాతిగోడలు. "మీ తాతను ఇల్లు కట్టమంటే ఆర్ట్స్ కాలేజీ కట్టిండు" అని విసుక్కుంటూనే పాఠం చెబుతాడు. 2.4 గిగాహెర్ట్జ్ అంటే సిటీ బస్సట, మెల్లగానైనా దూరం పోతుంది. 5 అంటే కారు, ఖాళీ రోడ్డు మీద ఉరుకుతుంది, రెండు గోడలు అడ్డమొస్తే చతికిలబడుతుంది. ఇంత చక్కగా నాకు ఇంకెవరూ చెప్పలేదు. అక్కడితో ఆపితే దండ వేసేవాణ్ణి. ఆపడు. "గల్లీ గల్లంత ఆరో ఛానల్ మీదనే కూసున్నది" అంటూ మమ్మల్ని 11కి మార్చాడు. మైక్రోవేవ్ ఓవెన్‌దీ అదే 2.4 దారి కనుక, ఆయన ఫోన్లో మీటింగు నడుస్తున్నంతసేపు తార్నాకలో అక్క కూర వేడిచేసుకోకూడదు.

ఆయన ఘనకార్యాల్లో నాకిష్టమైనది మ్యాక్ ఫిల్టర్. జాబితాలో ఉన్న ఫోన్లకే ప్రవేశం. ఇంటిల్లిపాది ఫోన్ల అసలు చిరునామాలు నోటుబుక్కులో రాసి మరీ ఎక్కించాడు. ఇప్పటి ఫోన్లు వైఫైకి అసలు చిరునామా చెప్పవు, మారుది ఇస్తాయి. ఆ రాత్రి ఇల్లంతా గుమ్మం బయటే, యజమానితో సహా. చివరికి అక్క చీర పిన్నీసు అడిగి, రీసెట్ బొక్కలో గుచ్చి పది సెకన్లు నొక్కాడు. పిల్లవాడికి తొమ్మిదింటికి నెట్ ఆగేలా పెట్టిన కట్టడి కూడా దాంతోపాటే కొట్టుకుపోయింది. వాడికి మేనత్త కూడా అంత మేలు చేసి ఉండదు.

నవ్వుతున్నాను గానీ, మొన్న రాత్రి ఒంటిగంటకు నేనూ ఆ సెట్టింగుల్లోనే ఉన్నాను. "మీ బావ రోగమే" అని మా ఆవిడ అటు తిరిగి పడుకుంది. అతిథులకని వేరే నెట్‌వర్కు పెట్టి, వేగం 1 ఎంబీపీఎస్‌కు కట్టేశాను. ఆదివారం బావకు ఆ పాస్‌వర్డే ఇచ్చాను.

పది నిమిషాలు గింజుకున్నాడు.

"ఇట్ల గాదు, ఒక పిన్నీసు ఇయ్యమ్మా."

"ఇదిగోండి అన్నయ్యా" అంది మా ఆవిడ. అప్పటికే చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.