రూపాయి జారె.. టూరు మారె!

1966 జూన్ 6న డాలరు 4.76 రూపాయల నుంచి ఏడున్నరకు ఎగబాకితే దేశమంతా గగ్గోలు పెట్టింది. 2025 డిసెంబరులో తొంభై దాటితే ‘ఎగుమతులకు మంచిదే’ అని పెద్దలు సెలవిచ్చారు. మంచిదే మరి! మానుకోట తేజ మిర్చి చైనా దాకా పోతుంది కదా, లెక్కప్రకారం రైతు జేబు గలగలలాడాలి. కానీ ఎనుమాముల యార్డులో ‘తేమ ఉంది, తాలు ఉంది’ అనడమే తప్ప డాలరు ఊసెత్తే ఖరీదుదారు ఏడీ? దిగుమతయ్యే పొటాష్ బస్తాకు మాత్రం ఆ లెక్క కంఠతా వచ్చు.

బ్యాంకాక్ పోతామని వాడంతా చాటిన జనగామ అన్న, గూడూరు అడవిలో భీముని పాదం సన్నధార కింద సెల్ఫీ దిగి ‘మన ప్రకృతే అందం’ అని స్టేటస్ పెట్టాడు. భూపాలపల్లి వదినమ్మ సింగపూర్ టూరు కాళేశ్వరం సంగమంలో మునకతో ముగిసింది. పుణ్యం అదనం!

చాయ్ కొట్టు కాడ ఇద్దరు తండ్రులు. కొడుకు అమెరికాలో కొలువు చేస్తున్న ఆయన ‘ఇంకింత పడితే బాగు’ అంటుంటే, బిడ్డకు అక్కడ ఫీజు కడుతున్న ఆయనకు గుటక దిగడం లేదు. బిల్లు అడిగితే మొదటాయన: ‘ఆగరాదె, వంద కానీ. మావోడు అప్పుడే పంపుతడంట!’