వెనకొచ్చిన కొమ్ములు: ఒక చిన్న ఫైలు ఆత్మకథ

తన కథ తాను చెప్పుకుందామని కూర్చుంది గానీ, ఈ ఫైలుకు ‘నేను’ అనడం రాదు. ఒంటినిండా ఉన్నవన్నీ పరాయి పేర్లే. తన పేరు తనలో ఎక్కడా లేదు. అందుకని తన సంగతి కూడా పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టే చెబుతుంది. దాని పేరు ప్లగిన్స్ డాట్ టెక్స్ట్. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకునే మామూలు అక్షరాల ఫైలు. ఎంత ఒళ్లు చేసిన రోజుల్లోనూ పది కిలోబైట్లు దాటలేదు. విండోస్‌లో ‘యాప్‌డేటా’ అనే ఫోల్డరు మామూలుగా కంటికి కనపడదు, ఇంట్లో అటకలాగా. ఆ అటక మీద ‘స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్’ అనే పెట్టెలో దీని కాపురం.

యజమాని హైదరాబాద్‌లో అద్దెగదిలో ఉండే కుర్రాడు. సేల్‌లో తక్కువ ధరకు ఆట కొన్నాడు. ఆట మొదటిసారి తెరిచిన రోజే ఈ ఫైలు పుట్టింది. పుడుతూనే నెత్తిన రెండు ఇంగ్లీషు వాక్యాలు మోసుకొచ్చింది: దించుకున్న సరుకు లెక్క చూసుకోవడానికి ఆట ఈ ఫైలును వాడుకుంటుందని ఒకటి, దయచేసి దీన్ని మార్చకండని రెండోది. అది దాని నుదుటిరాత. మోడ్లు వేసుకునేవాడెవడూ ఆ రాతను లెక్కచెయ్యడు. మోడ్లను వేసి సర్దిపెట్టే మోడ్ మేనేజర్లయితే అది కాస్తా చెరిపేసి సొంత సంతకం పెట్టుకుంటాయి.

ఆట సంగతి తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. బెథెస్డా గేమ్ స్టూడియోస్ ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ వరసలో ఐదోది స్కైరిమ్. 2011 నవంబర్ 11న వచ్చింది. కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు, మంచుకొండలు. 2016 అక్టోబర్ 28న వచ్చిన స్పెషల్ ఎడిషన్ 64 బిట్లది కాబట్టి, పాతదానిలా జ్ఞాపకశక్తి చాలక కుప్పకూలే బాధ బాగా తగ్గింది. ఇన్నేళ్లయినా జనం దీన్ని వదలకపోవడానికి పెద్ద కారణం మోడ్లు, అంటే ఆడేవాళ్లే తయారుచేసి పంచుకునే మార్పులు. ఈ అలవాటు స్కైరిమ్‌తో మొదలైంది కాదు. 2002లో మోరోవిండ్ కంప్యూటర్ డిస్కుతో పాటే, ఆ ఆట ప్రపంచాన్ని కట్టే పనిముట్టునూ కంపెనీ ఇచ్చేసింది. స్కైరిమ్‌కు అలాంటి పనిముట్టు క్రియేషన్ కిట్. అది 2012 ఫిబ్రవరిలో వచ్చింది.

ఇక ఈ ఫైలు ఉద్యోగం. ఆట లేస్తూనే దీన్ని పైనుంచి కిందికి చదువుకుంటుంది. పేరు ముందు నక్షత్రం గుర్తు ఉంటే ఆ మోడ్ లోపలికి రావచ్చు, లేకపోతే గుమ్మం బయటే. ఆట సొంత ఫైళ్లు ఐదింటికి ఈ జాబితాతో పనిలేదు. అవి ఇంటివాళ్లు, ఎవరూ పిలవకుండానే ముందు వచ్చి కూర్చుంటాయి. మిగిలినవాటికి ఒకటే సూత్రం: ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. ఒకే వస్తువు మీద రెండు మోడ్లు చెయ్యేస్తే జాబితాలో కింద ఉన్నదే నెగ్గుతుంది.

ఇది వినడానికి తేలిక. ఇనపకత్తి దగ్గరికొచ్చేసరికి యజమానికి చుక్కలు కనపడ్డాయి.

ఆటలో మామూలు ఇనపకత్తి దెబ్బ 7, బరువు 9, వెల 25. పోరాటాలు గట్టిగా ఉండాలని ఒక మోడ్ వేశాడు. అది దెబ్బను 10 చేసింది. సంచి బరువు తగ్గాలని ఇంకొకటి వేశాడు. అది బరువును 6 చేసింది. దెబ్బ 10, బరువు 6 ఉన్న కత్తి చేతికొస్తుందని అతని లెక్క. వచ్చింది దెబ్బ 7, బరువు 6 ఉన్న కత్తి. ఎందుకంటే మోడ్ తాను మార్చిన అంకె ఒక్కటే పట్టుకురాదు, ఆ వస్తువు రికార్డు మొత్తాన్నీ తెస్తుంది. బరువు తగ్గించిన మోడ్ దెబ్బ జోలికి పోకపోయినా, పాత 7ను తన వెంట మోసుకొచ్చింది. జాబితాలో అది కింద ఉంది. దాంతో 10 తుడిచిపెట్టుకుపోయింది. ఆట రెండు మాటలనూ కలిపి అర్థం చేసుకోదు. ఆఖరున విన్నదే వేదం.

తప్పు ఫైలుదా? రాసినట్టు చదివించింది, అంతే.

ఆ నెలంతా యజమాని పండగ సంతలో పిల్లాడిలా తిరిగాడు. నెక్సస్ మోడ్స్ అంటే మాటలా? మోరోవిండ్ ఇంకా రాకముందే, 2001లో, రాబిన్ స్కాట్ అనే అభిమాని మొదలుపెట్టిన చిన్న సైటు పెరిగి మోడ్ల మహాసముద్రమైంది. 155 కొత్త మంత్రాలిచ్చే అపోకలిప్స్ అందులోనే ఉంది. డ్రాగన్ల స్థానంలో రైలింజన్ థామస్ ఎగిరొచ్చే తమాషా మోడ్ కూడా ఉంది. ఇతగాడు దేన్నీ వదల్లేదు, థామస్‌తో సహా. జాబితా 40 నుంచి 90కి, 90 నుంచి 200 పైకి పోయింది. ఫైలుకు ఆయాసం వచ్చిందంటే అతిశయోక్తే, దానికి ఊపిరి లేదు గనక. కానీ చోటు లెక్క మాత్రం నిజం. ప్రతి వస్తువు నంబరులోనూ మొదటి రెండు స్థానాలు అది ఏ మోడ్‌దో చెబుతాయి. హెక్సాడెసిమల్ లెక్కలో రెండు స్థానాలంటే 256 అవకాశాలు. ఒకటి ఆడుతుండగా పుట్టే వస్తువులకు పోతుంది, ఇంకొకటి తేలికరకం మోడ్లకు. మిగిలినవి 254. అందులో ఐదు ఇంటివాళ్లవి. తేలికరకం వాటికి మాత్రం ఆ ఒక్క చోటులోనే 4096 వరకు సర్దుకునే ఏర్పాటు స్పెషల్ ఎడిషన్‌లో వచ్చింది, పొట్టిబల్ల మీద చంటిపిల్లల బడిలాగా.

లిడియా మొహం మాడిపోయింది ఈ రోజుల్లోనే. లిడియా అంటే వైట్‌రన్ పట్టణపు జార్ల్, అంటే పాలకుడు, బహుమానంగా ఇచ్చే అంగరక్షకురాలు. ఆటగాడి సామాన్లు మోస్తూ వెంట నడుస్తుంది. ఆమె మొహం బాగుండాలని యజమాని ఒక మోడ్ వేశాడు, తర్వాత ఇంకా బాగుండాలని ఇంకొకటి. మర్నాడు తెరమీద లిడియా మెడకింద మామూలుగానే ఉంది, మెడపైన పెనం అడుగు. పక్కగది స్నేహితుడు తొంగిచూసి, “ఒరేయ్, ఆవిణ్ణేం చేశావురా? పొయ్యిలో పెట్టావా?” అన్నాడు.

యజమాని నేరుగా ఈ ఫైలు మీద పడ్డాడు. పేర్లు పైకీ కిందికీ తిప్పాడు. ఇందులో ఫైలుకు ఇప్పటికీ కాస్త ఉక్రోషం ఉంది. మొహానికి రెండు భాగాలు: ముక్కు ఎంత, గడ్డం ఎంత అనే లెక్క ప్లగిన్‌లో, అంటే ఈ జాబితాలో పేరున్న మోడ్ ఫైలులో ఉంటుంది, దాని ప్రకారం ముందే చెక్కిపెట్టిన బొమ్మ విడి ఫైలుగా ఉంటుంది. లెక్కలో ఎవరు నెగ్గాలో ఈ జాబితా చెబుతుంది. బొమ్మల్లో ఎవరు నెగ్గాలో మోడ్ మేనేజర్‌లోని ఇంకో వరస చెబుతుంది. లెక్క ఒకరిదీ బొమ్మ ఇంకొకరిదీ అయితే ఆటకు పొంతన కుదరక మొహాన్ని బొగ్గు చేస్తుంది. రెండు వరసల్లోనూ ఒకటే మోడ్ కింద ఉండాలని అతనికి తెలిసేసరికి రాత్రి రెండయింది.

కొట్లాటలు పట్టుకోవడానికి మంచి పనిముట్లే ఉన్నాయి. లూట్ అనేది వాడేవాళ్లు కూర్చిపెట్టిన సమాచారాన్ని బట్టి జాబితాను ఒక క్రమంలో సర్దుతుంది. ఎస్‌ఎస్‌ఈ‌ఎడిట్ అనేది ఏ రికార్డు మీద ఎవరెవరు చెయ్యేశారో పక్కపక్క నిలువు వరసల్లో చూపించి, తగువున్నచోట ఎర్రగా పూస్తుంది. ఇవి రెండూ ఉంటే చాలనుకుంటారు. చాలదు. అందుకు సాక్ష్యం చలి.

మంచుకొండల్లో నడుస్తుంటే చలి వెయ్యాలని యజమాని ముచ్చట. ఫ్రాస్ట్‌ఫాల్ వేశాడు. ఆకలి, నిద్ర కూడా ఉంటాయని సన్‌హెల్మ్ వేశాడు. అందులోనూ చలి ఉంది. 2021 నవంబర్‌లో స్పెషల్ ఎడిషన్ ఉన్నవాళ్లందరికీ కంపెనీ ఉచితంగా ఇచ్చిన నాలుగింటిలో సర్వైవల్ మోడ్ ఒకటి, దాన్నీ నడిపించాడు. లూట్ సర్దింది. ఎస్‌ఎస్‌ఈ‌ఎడిట్‌లో ప్రాణం తీసే ఎరుపేమీ లేదు. కానీ పాపం ఆ వీరుడు ఒకే కొండ మీద మూడుసార్లు గడ్డకట్టాడు. మంట దగ్గర కూర్చుంటే ఒక మోడ్ వెచ్చబడ్డావంది, ఇంకోటి ఇంకా లేదంది. రికార్డులు కొట్టుకుంటే యంత్రం చెబుతుంది. ఉద్దేశాలు కొట్టుకుంటే చెప్పలేదు. మోడ్లు ఎంచుకునేవాడి అసలు పని ఇక్కడుంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, ‘తప్పక వెయ్యాల్సిన 100 మోడ్లు’ అని ఊదరగొట్టేవాళ్లు ఎక్కువ.

విసుగుపుట్టి ఒక ఆదివారం యజమాని 30 పేర్లు కొట్టేశాడు, సగం ఆడిన ఆట మధ్యలో. అంతకంటే పెద్ద పొరపాటు లేదు. మోడ్ల స్క్రిప్టులు ఆట నడుస్తుండగా చేసే పనులన్నీ సేవ్ ఫైలులో ముద్రపడతాయి. మోడ్ పోయినా ఆ ముద్రలు దిక్కులేనివై లోపలే మిగులుతాయి. రెండు గంటల తర్వాత ఒక తలుపు తీస్తే ఆట డెస్క్‌టాప్‌కు పోయింది. మళ్లీ తీశాడు, మళ్లీ పోయింది. 60 గంటల ఆట ఆ తలుపు దగ్గరే ఆగిపోయింది.

పక్కగది స్నేహితుడు అప్పుడు అడిగిన ప్రశ్న పనికొచ్చింది. “నీకు ఏ మోడ్లు కావాలో తర్వాత చూద్దాం. ఏం ఆట కావాల్రా నీకు?”

యజమాని దాన్ని కాగితం మీద రాసుకున్నాడు: ‘ఒంటరి బాటసారి. డ్రాగన్ల సంగతి తర్వాత. చలి, ఆకలి, దారి.’ మూడు ముక్కలు. వాటికి పనికిరానిది ఎంత గొప్పదైనా జాబితాలోకి రాలేదు. మొదట అన్‌అఫీషియల్ ప్యాచ్, అంటే ఆటలో మిగిలిపోయిన వందలాది లోపాలను అభిమానులే బాగుచేసినది. తర్వాత స్కైయూఐ. గేమ్‌ప్యాడ్ పట్టుకున్నవాళ్ల కోసం గీసిన మెనూలను మౌసుకు తగ్గట్టు మారుస్తుంది. అది నడవాలంటే ఎస్‌కేఎస్‌ఈ అనే స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ కావాలి. తమాషా ఏమిటంటే ఇంత ముఖ్యమైనదాని పేరు ఈ జాబితాలో ఉండదు, అది ఆటను బయటనుంచే పట్టుకుంటుంది. ఆట మారితే అదీ మారాలి. 2021 నవంబర్ అప్‌డేట్‌కు దాని మీద ఆధారపడ్డ మోడ్లు పెద్దయెత్తున చెడిపోయి, ఎంతోమంది పాత 1.5.97 వెర్షన్‌కే తిరిగి వెళ్లిపోయారు.

ఆల్టర్నేట్ స్టార్ట్ కూడా వేశాడు. మామూలుగా ఆట మొదలయ్యేది తల నరికే చోటికి పోయే బండిలో. ఈ మోడ్ వేస్తే పాడుబడ్డ చెరసాల గదిలో మారా దేవత విగ్రహం ముందు మొదలై, ఎవరిగా పుట్టాలో ఎంచుకోవచ్చు. బాటసారికి అది తగింది.

పెద్ద పేచీ నైపుణ్యాల దగ్గర వచ్చింది. అసలు ఆటలో 18 నైపుణ్యాలకు 251 పెర్కులు, అంటే నైపుణ్యం పెరిగేకొద్దీ ఎంచుకునే వరాలు. వాటి స్థానంలో ఆర్డినేటర్ 400 పైచిలుకు ఇస్తుంది. రెక్వియెమ్ అయితే ఆట నడకనే మార్చేస్తుంది. మామూలు స్కైరిమ్‌లో మనం ఎదిగేకొద్దీ చాలామంది శత్రువులూ ఎదుగుతారు. రెక్వియెమ్‌లో ఎవరి బలం వాళ్లదే. మొదటిరోజే బందిపోట్ల గుహలోకి పోతే మొదటిరోజే పోతాం. రెండూ పెర్కుల చెట్లను తిరగరాస్తాయి గనక ఒకే ఇంట్లో ఇమడవు. ఫైలు అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే బాటసారికి రెక్వియెమే సరైనదని చెప్పేది. భయం లేని ఒంటరి ప్రయాణం ఏం ప్రయాణం? యజమాని ఆర్డినేటర్ తీసుకున్నాడు. ఆఫీసు నుంచి వచ్చాక గంటసేపు ఆడేవాడికి ప్రతి మలుపులోనూ చచ్చే ఓపిక ఉండదన్నాడు. అదీ న్యాయమే.

చలికి సన్‌హెల్మ్ ఒక్కటే. థామస్ ఇంటికెళ్లిపోయాడు.

ఈ మోడ్లు చేసేవాళ్లు చాలావరకు జీతం లేకుండా చేస్తారన్నది ఫైలు మరిచిపోని సంగతి. 2015 ఏప్రిల్‌లో, ఆటలు అమ్మే స్టీమ్‌లోని వర్క్‌షాప్‌లో మోడ్లకు ధర పెట్టి, చేసినవాళ్ల వాటా 25 శాతమన్నారు. జనం భగ్గుమన్నారు, నాలుగు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. 2015లో మోడ్‌గా వచ్చిన ‘ది ఫర్‌గాటెన్ సిటీ’ మాత్రం 2021లో సొంతకాళ్ల మీద నిలబడే ఆటై, విడిగా అమ్ముడుపోయింది.

ఇప్పుడు జాబితాలో నక్షత్రం ఉన్న పేర్లు 41. అన్నిటికంటే కింద ఉన్నది ఎవరి దగ్గరా దించుకున్నది కాదు. ఎస్‌ఎస్‌ఈ‌ఎడిట్‌లో ఒక నిలువు వరసలోని 10ని మౌసుతో పట్టి లాగి పక్క వరసలోని 7 మీద పెట్టి, యజమాని స్వయంగా చేసుకున్న ప్యాచ్ అది. అందులో ఉన్నది ఒకే ఒక్క రికార్డు, ఇనపకత్తి. దెబ్బ 10, బరువు 6, వెల 25.